గుడ్డ తీసుకున్న రోజు నుంచి కూలి అందిన రోజు దాకా

(శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే మహిళా బృందాల సభ్యులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు కలిసి జరుపుకున్న రెండు రోజుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలుస్తూ నిర్వాహకులు నాకిచ్చిన అంశం "సంస్థలో రోజువారీ పని పద్ధతులను మెరుగుపరచుకోవడం ఎలా?" అని. మహిళా ఉద్యమ వేదికల మీద సాధారణంగా ఇలాంటి అంశాలు రావు. హింస గురించి మాట్లాడతాం. ఆస్తిహక్కు గురించి, చట్టాల గురించి మాట్లాడతాం. రిజిస్టరు ఎవరు రాయాలి, గుడ్డ ఎవరికి ఇవ్వాలి, కూలి ఏ రోజున ఇవ్వాలి అనేవి మాత్రం ఆఫీసు వాళ్ళు చూసుకునే చిన్న విషయాలుగా మిగిలిపోతాయి. అయితే పని చేసే స్త్రీ తన సంస్థను నెలనెలా కలుసుకునేది ఆ బల్ల దగ్గరే. గుడ్డ తీసుకునేటప్పుడు, రంగులద్ది తిరిగి ఇచ్చేటప్పుడు, డబ్బుల కోసం వచ్చినప్పుడు. అక్కడ ఆమెకు సమాచారమూ మర్యాదా సకాలంలో కూలీ దొరక్కపోతే మనం గోడ మీద రాసుకున్న సమానత్వం ఆమె దాకా చేరనట్టే. అందుకే ఈ అంశాన్ని హక్కుల అంశంగానే తీసుకుని మాట్లాడతాను.

రాయలసీమలో డబ్బును 'లెక్క' అనే అలవాటు ఉంది. "లెక్క ఇంకా చేతికి రాలేదు" అంటే డబ్బు రాలేదని అర్థం. లెక్కకు ఉన్న ఈ రెండర్థాలూ ఒకదాన్నొకటి విడిచి ఉండవు. లెక్క ఎవరికి తెలుసో లెక్క వాళ్ళ చేతిలోనే ఉంటుంది. ఈ రోజు నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

కలంకారీలో కనిపించేవాళ్ళు, కనిపించనివాళ్ళు

శ్రీకాళహస్తి కలంకారీ అనగానే బయటివాళ్ళకు కలం పట్టి బొమ్మ గీస్తున్న కళాకారుడు గుర్తొస్తాడు. అంతరించిపోయే దశకు చేరిన ఈ విద్యను స్వాతంత్ర్యానంతరం నిలబెట్టడానికి కమలాదేవి ఛటోపాధ్యాయ చేసిన కృషి, 1950ల చివర్లో ఇక్కడ మొదలైన శిక్షణ కేంద్రం మనకు తెలిసినవే. 2005-06లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2008లో జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి పద్మశ్రీ వచ్చింది. ఇవన్నీ సంతోషించాల్సిన విషయాలు.

అయితే ఒక బట్ట తయారు కావడానికి జరిగే పనిని వరసగా చూడండి. ముడి గుడ్డను పేడనీళ్ళలో నానబెట్టి ఉతికి ఆరేయాలి. కరక్కాయ పొడి, ఎనుము పాలు కలిపిన నీళ్ళలో ముంచి పిండి ఎండబెట్టాలి. చింతబొగ్గుతో బొమ్మ గీసుకోవాలి. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో ఊరబెట్టి తీసిన నల్లరంగుతో గీతలు దిద్దాలి. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళు అద్ది, ఆరనిచ్చి, పారే నీటిలో కడిగి, రంగునీళ్ళలో ఉడకబెట్టాలి. మళ్ళీ పేడనీళ్ళు, మళ్ళీ ఉతుకు. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మధ్య మధ్యలో మళ్ళీ కడుగుళ్ళు. ఇందులో గీత గీసే పని ఒకటి రెండు చోట్లే వస్తుంది. రంగులు నింపడం, నీళ్ళు మొయ్యడం, పొయ్యి దగ్గర నిలబడడం, ఉతకడం, ఎండబెట్టడం ఎన్నోసార్లు వస్తాయి. ఈ పనుల్లో ఎక్కువ భాగం స్త్రీల చేతుల మీదుగా నడుస్తుంది. కలం పట్టి గీతలు గీసే స్త్రీలు కూడా ఇప్పుడు మనలో ఉన్నారు. ఐనా ఇంట్లో కూర్చుని రంగులద్దే స్త్రీ పని "తీరిక వేళల్లో చేసుకునేది"గానే లెక్కలోకి వస్తుంది.

ఈ మాట వెనక ఉన్న రాజకీయాన్ని మనకు బాగా చూపించినది కూడా తెలుగు నేల మీద జరిగిన పరిశోధనే. పశ్చిమ గోదావరి నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆ స్త్రీలు అల్లిన లేసు విదేశాల మార్కెట్లకు వెళ్ళేది. కానీ వాళ్ళను కార్మికులుగా ఎవరూ చూడలేదు, ఇంటిపట్టున ఉండే గృహిణులుగానే చూశారు. గృహిణి అన్నాక ఆమె సమయానికి విలువ కట్టనవసరం లేదు. ఆమెను పదిసార్లు తిప్పినా తప్పు లేదు. వర్తకుడు ఇలా ఆలోచిస్తే మనం దోపిడీ అంటాం. అదే ఆలోచన మన సంస్థల పని పద్ధతుల్లోకి కూడా ఎక్కడైనా చొరబడిందా అని వెతుక్కోవడమే ఈ సమావేశం పని.

ముగ్గుపిండితో గీసిన దారి

నిన్న మధ్యాహ్నం మనమంతా కలిసి ఒక పని చేశాం. గుడ్డ తీసుకున్న రోజు నుంచి కూలి అందిన రోజు దాకా జరిగేదంతా నేల మీద ముగ్గుపిండితో గీశాం. పని జరిగే రోజుకు ఒక చింతగింజ, ఎదురుచూసే రోజుకు ఒక గులకరాయి పెట్టమన్నాం. చివరికి చూస్తే చాలామంది దారిలో గులకరాళ్ళే ఎక్కువ. ఆఫీసు బాధ్యతలు చూసే అమ్మాయిలు గీసిన దారికీ, రంగులద్దే స్త్రీలు గీసిన దారికీ కూడా తేడా కనిపించింది. ఆఫీసు వాళ్ళ దారి "బట్ట అందింది" అన్న చోట ఆగిపోయింది. రంగులద్దే వాళ్ళ దారి అక్కడి నుంచి ఇంకా చాలా దూరం నడిచింది. "ఈ రోజు లేదు, సోమవారం రా", "సంతకం పెట్టే ఆయమ్మ లేదు", "డబ్బులు పడలేదు" అనే మలుపులు ఆఫీసు పటంలో లేనే లేవు. ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. ఎవరికి ఏ భాగం కనిపిస్తే వాళ్ళు ఆ భాగాన్నే గీస్తారు. కాబట్టి ఏ పద్ధతిని మార్చాలన్నా దాన్ని మొదటి నుంచి చివరి దాకా నడిచేవాళ్ళే ముందు గీయాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక బట్టకు రంగులద్దినందుకు 600 రూపాయలనుకుందాం. గుడ్డ తీసుకోవడానికి ఒకసారి, ఇవ్వడానికి ఒకసారి, డబ్బుల కోసం మూడుసార్లు, మొత్తం ఐదుసార్లు రావాలి. రానూ పోనూ ఆటోకు 40 రూపాయలైతే 200 రూపాయలు పోయాయి. ఇక ఒక్కోసారికి పూట పని పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది కాబట్టి బస్సు దారిలో ఉన్నవాళ్ళకు టిక్కెట్టు ఖర్చు తప్పింది. పోయిన పూట మాత్రం తిరిగి రాదు. ఆమె కూలి కాగితం మీద 600. చేతిలో మిగిలింది ఎంతో ఏ రిజిస్టరూ చెప్పదు.

మూడు చోట్ల ముడి

నిన్నటి పటాల్లో మూడు చోట్ల ముడి పడిందని నాకు అర్థమైంది.

మొదటిది పని పంపకం. పెద్ద ఆర్డరు వచ్చిందన్న కబురు ముందు ఎవరికి తెలుస్తుంది? ఆఫీసుకు దగ్గర్లో ఉన్నవాళ్ళకు, ఫోను సొంతంగా చేతిలో ఉన్నవాళ్ళకు, రాసే అమ్మాయికి చుట్టాలైనవాళ్ళకు. ఊరి చివర ఉన్న దళితవాడకూ, బస్సు లేని పల్లెకూ కబురు చేరేసరికి మంచి పని అయిపోయి, శ్రమ ఎక్కువ, కూలి తక్కువ ఉన్న ముక్కలు మిగులుతాయి. ఇందులో ఎవరూ కావాలని కులం చూసి ఉండకపోవచ్చు. కానీ నియమమంటూ లేని చోట పాత నియమాలే పనిచేస్తాయి. కులం, చుట్టరికం, దూరం తమంతట తామే పంపకం చేసేస్తాయి.

రెండవది బట్టను ఒప్పుకోవడం. రంగు పాకింది, మరక పడింది అని బట్టను తిప్పి పంపితే నష్టం ఎవరిది? ఎక్కువ చోట్ల చివరిగా ఆ బట్టను ముట్టుకున్న స్త్రీదే. కానీ ఈ పని తెలిసినవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు, మీరే చెప్పండి. పాలల్లో ఉన్న కొవ్వు గుడ్డకు సరిగా పట్టకపోతే నల్లగీత పాకదా? పటిక అద్దిన తరువాత పారే నీళ్ళలో బాగా కడగకపోతే ఉడకబెట్టినప్పుడు ఎరుపు పక్కకు అంటదా? స్వర్ణముఖిలో నీళ్ళు పారని నెలల్లో ఆ కడుగుడు తొట్టిలోనో బోరు దగ్గరో ముగించాల్సి వస్తుంది. అంటే మరక కనిపించేది రంగులద్దే చోట, పుట్టేది మూడు మెట్ల వెనక. నాణ్యత గురించి పనిచేసిన ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికన్ 1950లో జపాన్ వెళ్ళి అక్కడి ఇంజనీర్లకు, ఫ్యాక్టరీ యజమానులకు పాఠాలు చెప్పాడు. ఆయన జీవితమంతా చెప్పిన విషయం ఒకటుంది. లోపాల్లో అధికభాగం పని ఏర్పాటులో నుంచి వస్తాయి, పనిచేసే మనిషిలో నుంచి కాదు. ఏర్పాటును మార్చగలిగింది పైవాళ్ళే కాబట్టి బాధ్యతా వాళ్ళదే. యజమానులకే ఈ మాట చెప్పగలిగినప్పుడు స్త్రీల సంస్థలు తమకు తాము చెప్పుకోలేవా?

మూడవది కూలి. "కొన్నవాళ్ళు డబ్బులు పంపగానే ఇస్తాం" అనే మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆలోచించి చూస్తే, ఊళ్ళో అందరికన్నా పేద స్త్రీ పట్నంలోని దుకాణానికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నట్టు లెక్క. ఆ అప్పు ఇవ్వడానికి ఆమె తన ఊళ్ళో వడ్డీకి తెచ్చుకుంటోంది.

ఇతరులు నేర్పిన పాఠాలు

ఈ ముళ్ళు విప్పడానికి మనకంటే ముందు ప్రయత్నించినవాళ్ళున్నారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబర్‌లో కోట్ కిరానాలో మొదటి ప్రజా విచారణ జరిపింది. వాళ్ళు చేసింది చాలా సాదా పని. ప్రభుత్వ పనుల హాజరు పట్టీలను, బిల్లులను ఊరివాళ్ళ ముందు గట్టిగా చదివారు. చదువు రాని కూలీలు తమ పేరు మీద ఏం రాశారో విని, అది నిజమో కాదో చెప్పారు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టానికి దారి తీసిన పోరాటాల్లో ఇదొకటి. ఆ ఏడాదే చేసిన ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. కూలి పదిహేను రోజులు దాటకుండా ఇవ్వాలని ఆ చట్టం రాసింది. ఆలస్యమైతే పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని తరువాత నిబంధన చేర్చారు. అమలులో ఎన్ని అవకతవకలున్నా, ఆలస్యం కూడా ఒక నష్టమేననీ, దానికి లెక్క కట్టవచ్చనీ కాగితం మీద ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ పేరుతో ఆ లెక్కల్ని గ్రామసభల్లో చదివి వినిపించారు. మనలో కొందరు ఆ సభల్లో కూర్చున్నవాళ్ళే.

ఇంటి దగ్గర పనిచేసే స్త్రీల విషయంలో 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ నాయకత్వాన ఏర్పడిన 'సేవ' చేసిన కృషి ప్రపంచ స్థాయికి వెళ్ళింది. 1996 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ గృహాధారిత పని మీద 177వ ఒడంబడికను ఆమోదించింది. ఇంట్లో పనిచేసే వాళ్ళను మిగతా కార్మికులతో సమానంగా చూడాలన్నది దాని సారం. భారత ప్రభుత్వం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. ప్రభుత్వం సంతకం పెట్టాలని అడుగుతూనే ఉందాం. ఆలోగా మన సంస్థ రిజిస్టర్లో దాన్ని అమలు చేసుకోవడానికి మనకు అడ్డెవరు?

మూడు నెలల ప్రయోగం

ఇక పని విషయానికి వస్తాను. పద్ధతులు మార్చడమంటే అన్నీ ఒకేసారి మార్చేసి కొత్త ఫారాలు అచ్చు వేయించడమని మనకొక భ్రమ ఉంది. అలా చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో తెలియదు. ఒక్క బృందంతో మూడు నెలలు ప్రయత్నించి, చూసి, తరువాత మిగతావాళ్ళకు విస్తరిద్దాం. నిన్నటి చర్చల్లో మీరు చెప్పిన వాటినే ఇలా కూర్చాను.

ఒకటి, పనిచీటీ. గుడ్డ ఇచ్చినప్పుడే కొలత, రంగుల సంఖ్య, కూలి, ఇవ్వాల్సిన తేదీ, కూలి అందే తేదీ రాసి రెండు ప్రతులు చెయ్యాలి. ఒకటి ఆఫీసులో, ఒకటి ఆమె దగ్గర. చదువు రాని వాళ్ళు ఆనవాలు పట్టేలా గీతలో బొమ్మలో గుర్తులు పెట్టుకోవచ్చు. బొమ్మలు గీసేవాళ్ళకు మనలో కొరత లేదు కదా.

రెండు, పంపకానికి వరస. పేర్ల పట్టీ గోడ మీద ఉండాలి. ఈసారి ఎక్కడ ఆగిందో వచ్చేసారి అక్కడి నుంచి మొదలవ్వాలి. ఎవరికైనా వరస తప్పించి ఇవ్వాల్సి వస్తే కారణం పక్కనే రాయాలి.

మూడు, బట్టను ఒప్పుకునేటప్పుడు ముగ్గురు కలిసి చూడాలి. ఆఫీసు తరఫున ఒకరు, రంగులద్దే వాళ్ళలో ఇద్దరు. లోపం ఉంటే అది ఏ మెట్టు దగ్గర వచ్చిందో రాయాలి. పాలు పట్టించిన చోటా, కడుగుడులోనా, ఉడకబెట్టేటప్పుడా, రంగులద్దేటప్పుడా అని. ఆమె చేతిలో లేని కారణానికి ఆమె కూలి కొయ్యకూడదు. మూడు నెలల తరువాత ఆ రాతలు చూస్తే తొట్టి మార్చాలో, పాలు మార్చాలో, శిక్షణ ఇవ్వాలో మనకే తెలుస్తుంది.

నాలుగు, కూలికి ఒక నిర్ణీత రోజు. బట్ట ఇచ్చిన రోజునే సగం, మిగతా సగం పదిహేను రోజుల లోపల. దీనికి సంస్థ దగ్గర కొంత తిరుగు నిధి ఉండాలి. ఆర్డరు ఒప్పుకునేటప్పుడే బయానా అడగాలి. దాతలకు పంపే ప్రతిపాదనల్లో శిక్షణ శిబిరాలకు, సదస్సులకు డబ్బు రాసుకుంటాం. కూలి ఆలస్యం కాకుండా ఉండేందుకు నిధి కావాలని ఎందుకు రాసుకోం?

ఐదు, నెలవారీ సమావేశంలో ఆ నెల లెక్కంతా గట్టిగా చదవాలి. ఎవరికి ఎంత పని, ఎవరికి ఎంత కూలి, ఎవరికి ఎంత బాకీ. పేరు విన్నప్పుడు ఆమె "అవును" అనో "కాదు" అనో చెప్పాలి.

ప్రయోగం ఫలించిందో లేదో తెలుసుకోవడానికి మూడు విషయాలు లెక్కిస్తే చాలు. బట్ట ఇచ్చాక కూలి అందడానికి ఎన్ని రోజులు పట్టింది, ఒక్కో బట్టకు ఆమె ఎన్నిసార్లు ఆఫీసుకు రావాల్సి వచ్చింది, ఎన్ని బట్టలు వెనక్కి వచ్చాయి. ముందుగా ఇప్పటి పరిస్థితి ఎట్లా ఉందో ఒక నెల రాసిపెట్టుకోవాలి. లేకపోతే తరువాత దేనితో పోల్చుకుంటాం?

కొన్ని జాగ్రత్తలు

మెరుగుదల అనే మాట మేనేజ్‌మెంటు పుస్తకాల్లోంచి వచ్చింది కాబట్టి దానితో కాస్త జాగ్రత్తగా ఉండాలి. ఆఫీసుకు పని తేలికైతే మెరుగయిందనుకోవడం సులభం. కూలి డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తే ఆఫీసు లెక్కలు శుభ్రంగా ఉంటాయి. కానీ ఆ ఖాతా సందేశం ఎవరి ఫోనుకు వస్తుంది? కార్డు ఎవరి జేబులో ఉంది? ఆర్డర్ల కబురు వాట్సాప్ గ్రూపులో పెడితే పది నిమిషాల్లో పనయిపోతుంది. ఫోను భర్త చేతిలోనో కొడుకు చేతిలోనో ఉన్న స్త్రీకి ఆ కబురు అందినట్టా? ఖాతాలు వద్దనీ ఫోన్లు వద్దనీ నేనటం లేదు. ప్రతి మార్పు దగ్గరా ఎవరి శ్రమ తగ్గింది, అది ఎవరి నెత్తిన పడింది అని అడగాలంటున్నాను.

ఇందులో రాసే అమ్మాయి పరిస్థితి కూడా చూడాలి. మన సంస్థల్లో పుస్తకాలు రాసేది చాలాసార్లు పదో తరగతో ఇంటరో చదివి, చాలీచాలని గౌరవ వేతనంతో పనిచేసే యువతే. పైనుంచి వచ్చిన ప్రతి పథకమూ ఆమె ముందు ఒక కొత్త రిజిస్టరు పెట్టి పోతుంది. కాబట్టి పనిచీటీ కొత్తగా తెస్తే పాతవాటిలో ఒకటి తీసెయ్యాలి. ఏది తీసెయ్యాలో ఆమెనే చెప్పమందాం.

నిన్న ఒక పెద్దామె అడిగింది, "మనలో మనకు ఈ చీటీలు, సాక్షులు ఎందుకమ్మా, నమ్మకం లేదా?" అని. ఇది కొట్టిపారెయ్యాల్సిన ప్రశ్న కాదు. మన బృందాలు నిలబడిందే నమ్మకం మీద. పొరుగున నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా కదిలిన సారా వ్యతిరేక పోరాటంలో ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరికున్న నమ్మకంతోనే దుకాణాల ముందు నిలబడ్డారు. కానీ సంస్థ పెరిగి, ఒకరి చేతిలో డబ్బు, ఒకరి చేతిలో పుస్తకం, ఒకరి చేతిలో రంగు ఉన్నప్పుడు నమ్మకం అనే బరువును ఎప్పుడూ రంగులద్దే ఆమె ఒక్కతే మొయ్యాల్సి వస్తోంది. ఆమె నమ్ముతుంది, వేచి ఉంటుంది. అడిగితే "నమ్మకం లేదా" అంటారేమోనని అడగదు. చీటీ చేతిలో ఉంటే ఆమె ఎవరినీ అవమానించకుండా అడగగలుగుతుంది. రాసే అమ్మాయి మీద కూడా లేనిపోని అనుమానాలు రావు.

డబ్బు లేదని, కొనేవాళ్ళు వినరని, ఆఫీసులో మనుషులు చాలరని కొన్ని అభ్యంతరాలు వచ్చాయి. అన్నీ నిజమే. వాటిలో కొన్ని మన చేతిలో లేవు. చీటీ రాయడం, పేర్ల పట్టీ గోడకు అంటించడం, లెక్క గట్టిగా చదవడం మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. వీటికి నిధి ఏమీ అక్కర్లేదు. తిరుగు నిధి కోసం ప్రయత్నం సాగిస్తూనే వీటితో వచ్చే నెల నుంచి మొదలుపెట్టవచ్చు.

అందుకని నాదొక ప్రతిపాదన. ఈ సాయంత్రం వెళ్ళే లోపల ప్రయోగానికి ముందుకొచ్చే బృందం ఏదో, ఒప్పుకునే చోట కూర్చునే ఇద్దరు ఎవరో పేర్లు రాసుకుందాం. ఆ ఇద్దరిలో ఒకరు ఆఫీసుకు అందరికన్నా దూరంగా ఉన్న పల్లె నుంచి ఉండాలని నా అభ్యర్థన. ఆమె వచ్చిపోయే ఖర్చు, ఆ పూట కూలి సంస్థే ఇవ్వాలి. మూడు నెలల తరువాత ఇక్కడే కూర్చుని మళ్ళీ ముగ్గుపిండితో దారి గీద్దాం. ఈసారి ఆఫీసు వాళ్ళూ రంగులద్దే వాళ్ళూ వేరువేరుగా కాకుండా ఒకే పటం గీయాలి. గులకరాళ్ళు ఎన్ని తగ్గాయో అందరం కలిసి లెక్కపెడదాం.

 ఇక మీరు మాట్లాడండి.